తొలి గంట పాలకు ఆస్పత్రులే జవాబుదారీ

తెలంగాణలో నూటికి 97 కాన్పులు, ఆంధ్రప్రదేశ్‌లో 96.5 కాన్పులు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయని 2019–21 నాటి అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. పురిటి నొప్పులు మొదలైతే ఎడ్లబండి కట్టించుకోవడం తప్ప దారిలేని రోజులను చూసిన తరానికి ఇది చిన్న విజయం కాదు. అదే సర్వేలో, ఆ పక్క పేజీల్లోనే మరో అంకె ఉంది. పుట్టిన గంటలోపు తల్లిపాలు తాగిన పిల్లలు తెలంగాణలో 37.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 52 శాతం. డాక్టరూ నర్సూ పక్కనే ఉండి పురుడు పోసినా తెలంగాణలో పదిమందిలో ఆరుగురికి పైగా పిల్లలకు తొలి గంటలో ముర్రుపాలు దక్కడం లేదు. ఈ వైఫల్యం తల్లులది కాదు. ఆస్పత్రులది, ఆ ఆస్పత్రులకు డాక్టర్లను తయారుచేసి పంపుతున్న వైద్యవిద్యది.

తల్లులది ఎందుకు కాదో ఆ సర్వేయే చెబుతోంది. ఆరు నెలల లోపు పిల్లల్లో తల్లిపాలు తప్ప మరేదీ పట్టనివారు రెండు రాష్ట్రాల్లోనూ 68 శాతం దాకా ఉన్నారు. ఇంటిపనీ, కూలిపనీ, కంటినిండా నిద్రలేని రాత్రులూ మీద పడుతున్నా తల్లులు అంతమంది నిలబడగలుగుతున్నారు. ఏ సాయమూ లేని ఇంట్లో సాధ్యమవుతున్నది, అన్ని సాయాలూ ఉన్న ఆస్పత్రిలో ఎందుకు కావడం లేదన్నదే అడగవలసిన ప్రశ్న.

ఒక గంట ఆలస్యమైతే ఏం మునిగిపోతుందని అనుకునేవారు ఉన్నారు. డాక్టర్లలోనూ ఉన్నారు. ఘనా, భారత్, టాంజానియా దేశాల్లో దాదాపు లక్ష మంది శిశువుల మీద జరిగిన అధ్యయనం 2016లో వెలువడింది. తొలి గంటలో పాలు తాగిన పిల్లలతో పోలిస్తే, రెండు నుంచి 23 గంటల మధ్య మొదలుపెట్టినవారిలో తొలి నెలలో మరణించే ముప్పు 41 శాతం ఎక్కువ. ఒక రోజు దాటాక మొదలుపెట్టినవారిలో 79 శాతం ఎక్కువ. 2021లో మరో ఫలితం వచ్చింది. కిలో నుంచి 1.8 కిలోల లోపు బరువుతో పుట్టిన పిల్లలను వెంటనే తల్లి గుండెలకు ఆనించి ఉంచితే ఏమవుతుందో ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు దేశాల్లో పరిశీలించింది. అందులో పాల్గొన్న ఆస్పత్రుల్లో మన ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఒకటి. ముందు ఇంక్యుబేటర్‌లో పెట్టి, బిడ్డ కుదుటపడ్డాక తల్లికి ఇచ్చే పాత పద్ధతిలో 28 రోజుల లోపు మరణాలు 15.7 శాతం ఉంటే, పుట్టగానే తల్లి ఒంటికి చేర్చినవారిలో 12 శాతానికి తగ్గాయి. మేలు అంత స్పష్టంగా కనబడటంతో, ఇక కొందరు పిల్లలను పాత పద్ధతిలో ఉంచడం న్యాయం కాదని ఆ ప్రయోగాన్ని ముందుగానే ఆపేశారు. దీనికి ఖరీదైన మందు అక్కరలేదు. విదేశీ యంత్రం అక్కరలేదు. తల్లిని, బిడ్డను విడదీయకపోతే చాలు.

మన ప్రసూతి వార్డుల్లో జరుగుతున్నది సరిగ్గా ఆ విడదీయడమే. బిడ్డ పుట్టగానే పక్క గదికి తీసుకెళ్తారు. బరువు తూస్తారు, తుడుస్తారు, గుడ్డలో చుట్టి బయట ఎదురుచూస్తున్న బంధువుల చేతుల్లో పెడతారు. తల్లి దగ్గరికి బిడ్డ తిరిగి చేరేసరికి ఎంతసేపు పడుతుందో ఎవరూ రాసుకోరు. ఈలోగా ఎవరో ఒకరు ‘పాలింకా పడలేదు’ అంటారు. ఆ మాట అమ్మమ్మ అన్నా, ఆయా అన్నా అర్థం చేసుకోవచ్చు. తెల్లకోటు వేసుకున్నవారు అంటే మాత్రం క్షమించరాదు. తొలి రోజు బిడ్డకు కావలసింది కొన్ని చెంచాల చిక్కటి ముర్రుపాలే. కడుపునిండా పాలు పడటం ఒకటి రెండు రోజుల తర్వాత జరిగే పని, అదీ బిడ్డ చప్పరించిన కొద్దీ జరిగే పని. ఈ విషయం చెప్పి తల్లికి ధైర్యం ఇవ్వవలసిన చోట పంచదార నీళ్లో, డబ్బా పాలో చేతికి అందుతున్నాయి. పాలపొడి కంపెనీలు ఆస్పత్రుల్లో ప్రచారం చేసుకోకూడదని, వైద్య సిబ్బందికి కానుకలు ఇవ్వకూడదని 1992 నుంచీ చట్టం ఉంది. ఆ చట్టం కింద మన జిల్లాల్లో తనిఖీలు జరిగాయన్న వార్త వినడమే అరుదు.

సిజేరియన్లు ఎక్కువ కావడమే కారణమని ఆస్పత్రులు చెప్పే జవాబు సగమే నిజం. అదే సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు కడుపు కోసి చేసినవే. ప్రైవేటు ఆస్పత్రుల్లో అయితే 81.5 శాతం. ముహూర్తం చూసుకుని బిడ్డను బయటికి తీయించే కుటుంబాలకూ, అందుకు ఒప్పుకునే డాక్టర్లకూ ఇందులో పాలు ఉంది. కానీ తమిళనాడును చూడండి. అక్కడా సిజేరియన్లు 44.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లోని 42.4 శాతం కంటే ఎక్కువే. అయినా తొలి గంట పాలు అక్కడ 60.2 శాతం పిల్లలకు అందాయి. కేరళలో 66.7 శాతానికి అందాయి. వెన్నులో మత్తు సూది ఇచ్చి చేసే ఆపరేషన్‌లో తల్లి మెలకువగానే ఉంటుంది. కుట్లు వేస్తుండగానే బిడ్డను ఆమె ఎదమీద పెట్టవచ్చు. పెట్టాలన్న నియమం, పట్టుకుని నిలబడటానికి ఒక నర్సు ఉంటే అది జరుగుతుంది. లేకపోతే జరగదు.

నివారణ వైద్యంలో ఈ దేశం ప్రపంచానికి నేర్పిన గొప్ప పాఠం ఒకటి మనకు పొరుగునే ఉంది. గోదావరికి ఆవలి గడ్చిరోలి జిల్లాలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు 39 గ్రామాల్లో కొద్దిపాటి చదువున్న మహిళలకు శిక్షణ ఇచ్చారు. ఇంటికి వెళ్లి పసికందును చూడటం, వెచ్చగా ఉంచడం, పాలు పట్టించడం, చీము, జ్వరం లాంటి ప్రమాద సూచనలను గుర్తించి వైద్యం చేయడం వారి పని. ఆ గ్రామాల్లో వెయ్యికి 62గా ఉన్న నవజాత శిశు మరణాలు మూడో ఏటికి 25.5కు దిగాయి. ఈ పని అందని పక్క గ్రామాల్లో మరణాలు ఉన్నచోటే ఉండిపోయాయి. 1999లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన ఆ ఫలితమే 2011 నుంచి ఆశా కార్యకర్తల ఇంటి సందర్శనలకు పునాది అయింది. అయితే ఆస్పత్రిలో పుట్టిన బిడ్డ విషయంలో ఆశా కార్యకర్త బాధ్యత మూడో రోజు నుంచి మొదలవుతుంది. తొలి గంట ఆమె చేతిలో లేదు. ఇంటి కాన్పుల కాలంలో ఊరిదిగా ఉన్న ఆ గంటను మనం పూర్తిగా ఆస్పత్రికి అప్పగించాం. అందుకే జవాబు కూడా ఆస్పత్రే చెప్పాలి.

ఇక్కడే వైద్యవిద్య ప్రస్తావన వస్తుంది. రోగం వచ్చాక చూసే డాక్టరు కంటే రాకుండా చూసే డాక్టరు కావాలని దేశ ఆరోగ్య వ్యవస్థను పరిశీలించిన భోర్ కమిటీ 1946లోనే చెప్పింది, ప్రతి విద్యార్థికీ మూడు నెలల నివారణ, సామాజిక వైద్య శిక్షణ ఉండాలంది. 2022లో జాతీయ వైద్య కమిషన్ ఒక్కో ఎంబీబీఎస్ విద్యార్థి కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని వారి ఆరోగ్యం చూసుకోవాలని నిబంధన తెచ్చింది. ఉద్దేశాలు మంచివే. కానీ విద్యార్థి నిజంగా నేర్చుకునేది తన సీనియర్లు ఏం చేస్తున్నారో చూసి. తల్లిపాల గురించి కమ్యూనిటీ మెడిసిన్ తరగతిలో వింటాడు, పిల్లల వైద్యం పుస్తకంలో చదువుతాడు. లేబర్ రూంలో మాత్రం బిడ్డను తల్లి దగ్గర్నుంచి తీసుకుపోవడమే రోజూ చూస్తాడు. ప్రసూతి విభాగం తన పని బిడ్డ బయటపడటంతో అయిపోయిందనుకుంటుంది. పిల్లల విభాగం బిడ్డకు జబ్బు చేస్తే పిలవమంటుంది. ఆ తొలి గంట ఎవరిదీ కాకుండా పోతుంది. ఇక హౌస్‌సర్జన్ ఏడాదంతా పీజీ ప్రవేశ పరీక్ష మీదే ధ్యాస. బహుళైచ్ఛిక ప్రశ్నల పరీక్ష నెగ్గడానికి ఒక తల్లికి మొదటిసారి పాలు పట్టించడం తెలియాల్సిన పనిలేదు. విద్యార్థులను ఇలా తయారుచేసిన వ్యవస్థను వదిలేసి ఆ విద్యార్థులను నిందించడం తగదు.

పరిశోధనకు మనకు కొదవ లేదు. పిల్లల్లో చూపు పోకుండా ఆరు నెలలకోసారి విటమిన్ ఏ ఇచ్చే జాతీయ కార్యక్రమం 1970లో మొదలైందంటే దాని వెనుక హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తల కృషి ఉంది. తార్నాకలోని ఆ సంస్థలో కనుగొన్నది దేశమంతా అమలైంది. తొలి గంట పాల విషయంలోనూ తేలవలసింది తేలిపోయింది. మిగిలింది అమలే.

రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ వెంటనే చేయవలసిన పనులు ఉన్నాయి. ప్రతి ప్రభుత్వ, ప్రైవేటు ప్రసూతి ఆస్పత్రిలో కాన్పు రికార్డులో బిడ్డ తల్లి ఎదకు చేరిన సమయం తప్పనిసరిగా నమోదు కావాలి. మెడికల్ కాలేజీల గుర్తింపును మంచాల లెక్క, అధ్యాపకుల హాజరుతో సరిపెట్టకుండా వాటి సొంత ప్రసూతి వార్డులో తొలి గంట పాలు అందిన పిల్లల శాతంతో ముడిపెట్టమని జాతీయ వైద్య కమిషన్‌ను కోరాలి. తల్లులకు స్వయంగా దగ్గరుండి పాలు పట్టించినట్టు నర్సింగ్ ఇన్‌చార్జి సంతకం చేస్తే తప్ప హౌస్‌సర్జన్‌కు ప్రసూతి పోస్టింగ్ పూర్తయినట్టు ధ్రువపత్రం ఇవ్వరాదు. నర్సు సంతకమేమిటని నొచ్చుకునేవారు ఉంటారు. ఈ విద్య నర్సుల దగ్గరే ఉంది మరి. నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ ఇచ్చే ప్రయత్నాన్ని తెలంగాణ 2017లో కరీంనగర్‌లో మొదలుపెట్టి దేశానికి దారి చూపింది. ప్రతి కాన్పు గదిలోనూ అటువంటివారు ఉండేలా పోస్టులు మంజూరు చేయాలి. డబ్బు లేదన్న సాకు చెల్లదు. వేలకు వేలుగా అనవసరపు సిజేరియన్లకు అవుతున్న ఖర్చుతో పోలిస్తే ఈ జీతాలు ఏపాటివి?

ఏటా ఆగస్టు మొదటి వారంలో ఆస్పత్రుల గోడలకు తల్లిపాల వారోత్సవాల బ్యానర్లు కడతారు. వచ్చే ఆగస్టులో ఆ బ్యానర్ పక్కనే, ఆ ఆస్పత్రిలో గడిచిన ఏడాది ఎన్ని కాన్పులు జరిగాయో, అందులో సిజేరియన్లు ఎన్నో, ఎంతమంది పిల్లలకు గంటలోపు ముర్రుపాలు అందాయో పెద్ద అక్షరాలతో రాసి ఉంచాలని రెండు రాష్ట్రాల వైద్యారోగ్య శాఖలూ ఇప్పుడే ఉత్తర్వులు ఇవ్వాలి.