సంఘమునకు గోడయా, గుమ్మమా?

క్రైస్తవ సంఘము తన ప్రత్యేకతను ఎట్లు నిలుపుకొనవలెను? తలుపులు మూసికొనినచో నిలుచుననియు, తెరచినచో లోకములో కలిసిపోవుననియు భయపడువారు కలరు. ఇట్టి భయము ఏ మతమువారికైనను సహజమే. అది ఎంతవరకు సరియైనదో పరీక్షించుటకు మన తెలుగునేలయందే ఒక నిదర్శనమున్నది. అది డోర్నకల్.

1903లో తిరునల్వేలి క్రైస్తవులు ఒక మిషనరీ సంఘమును స్థాపించిరి. భారతీయుల ధనముతో, భారతీయుల సేవతో, భారతీయుల నిర్వహణములోనే పనిచేయుట దాని నియమము. వారు తమ భాషకు, తమ సీమకు వెలుపల, నాటి నిజాము రాజ్యములోని డోర్నకల్‌ను కార్యక్షేత్రముగా నెన్నుకొనిరి. స్థాపకులలో నొకరైన వేదనాయకం సామ్యూల్ అజరయ్యగారు 1909లో అచ్చటికి స్వయముగా వచ్చిరి. 1912లో ఆంగ్లికన్ సంఘమున బిషప్పు పదవి నందిన ప్రథమ భారతీయులైరి. తమిళులయ్యును తెలుగు నేర్చి, 1945లో కన్నుమూయువరకు తెలుగువారి నడుమనే జీవించిరి.

బాప్తిస్మము పొందినవారిచే ఆయన ఒక ప్రమాణము చేయించెడివారు. తలపై చేయి నుంచుకొని, తానెవరో చెప్పుకొనుటయు, తాను విన్న శుభవార్తను ఇతరులకు చెప్పెదనని ఒప్పుకొనుటయు ఏకకాలమున జరుగవలెను. ఆ పలుకు పలికినవారిలో అధికులు ఊరిచివర నుంచబడిన మాల, మాదిగ కుటుంబములవారు. తరతరములుగా ఇతరుల ఆజ్ఞలను వినుటయే తప్ప తమ మాట వినిపింపనివారికి, చెప్పవలసిన మాటయొకటి తమ కడ కలదని తెలియుటకంటె గొప్ప గుర్తింపు ఏమున్నది? అక్కడ సంఘముయొక్క స్వరూపమును కర్తవ్యమును వేరుచేసి చూచుట సాధ్యము కాదు.

1939లో ప్రతిష్ఠితమైన డోర్నకల్ కెథడ్రల్‌ను చూడుడు. గుమ్మటములు మసీదును, స్తంభములు హైందవ దేవాలయమును స్ఫురింపజేయును. అయినను అది క్రైస్తవ దేవాలయము కాదని ఎవ్వరు ననజాలరు. ఇరుగుపొరుగువారినుండి గ్రహించినందున దాని ప్రత్యేకత తగ్గలేదు. ఈ నేలపై నిలిచినదైనది.

డోర్నకల్‌ను దాటి సాహిత్యమును చూచినను ఇదియే కనబడును. పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు క్రైస్తవ భక్తికి తెలుగు గొంతు నిచ్చినవి. జాషువా కవి క్రీస్తు చరిత్రకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. అది ఒక సంఘమునకు కాక తెలుగువారందరకును సొత్తైనది.

ఐతే బహిర్ముఖమైన కార్యమున అపాయము లేకపోలేదు. 1930ల దశాబ్దములో సామూహిక మతాంతరీకరణమును గాంధీమహాత్ముడు తీవ్రముగా విమర్శించెను. అజరయ్యగారు దానితో ఏకీభవింపలేదు. ఆ వాదమున ఎవరి పక్షము వహించినను, ఆ విమర్శలోని హెచ్చరికను మరువరాదు. పొరుగువానిని లెక్కలోని అంకెగా చూచిన నాడు సేవ వ్యాపారమగును. అట్లే వెలుపల సమత్వమును బోధించుచు లోపల కులభేదమును పాటించు సంఘము మాటను ఎవరు విందురు?

కావున నా అభిప్రాయ మిది: ఏ సంఘమునైనను దాని గోడల యెత్తును బట్టి కాక, దాని గుమ్మమునుండి వెలుపలికి ఏమి వచ్చుచున్నదో దానిని బట్టి ఎంచవలెను. ఒక బడి వచ్చినదా, ఒక పాట వచ్చినదా, ఆపదలోనున్న అన్యమతస్థునకు ఒక చేయూత వచ్చినదా? విద్యార్థులు తమ ఊరి ప్రార్థనామందిరములను, అవి ఏ మతమువైనను, ఈ ప్రశ్నతో నొకసారి చూతురుగాక.