ఎర్రనేల ఎర్రగానే ఉండాలి

మొన్న పండక్కి కొత్తచెరువు పోతే, 2003లో నాయన తీసిన నెగటివులు దొరికాయి. వేరుశనగ చేలో జేజి. ఒక ల్యాబులో ప్రింటు వేయిస్తే జేజి మొహం నీలంగా, నేల బూడిదరంగులో వచ్చాయి! అడిగితే "మిషనే కరెక్టు చేసింది సార్" అన్నాడు.

అసలు రోగం అక్కడే ఉంది. ఆటోమేటిక్ ప్రింటర్లు చాలావరకు ఫ్రేమంతా సగటున బూడిదరంగుకి రావాలని లెక్కేస్తాయి. ఫ్రేము నిండా ఎర్రమట్టి ఉంటే ఆ ఎరుపే తప్పనుకుని తీసేస్తాయి. కోడు రాసేవాణ్ణి కాబట్టి చెప్తున్నా, ఇది బగ్గు కాదు. మన సీమ చూడనివాడు పెట్టిన డిఫాల్టు!

"కలరు ఇంట్లో కుదరదు" అనే పెద్దమనుషులారా, కుదురుతుంది. ఎన్‌లార్జరు, రంగు ఫిల్టర్లు, ఆర్ఏ-4 కాగితం, డెవలపరు, బ్లీచ్-ఫిక్సు ఉంటే చాలు. ఎర్రలైటు కూడా పనికిరాదు, కటిక చీకటి కావాలి. డెవలపరుకి మామూలుగా 35 డిగ్రీలు, 45 సెకన్లు. ఎండాకాలం మా ఊళ్ళో ఆ వేడి ఊరికే వస్తుంది! ప్రింటు మరీ ఎర్రబడితే ఎల్లో, మెజెంటా ఫిల్టర్లు పెంచాలి.

"నీళ్ళు లేని ఊళ్ళో ఇదేం సోకు?" అంటారా? న్యాయమైన ప్రశ్నే. కానీ ఈ కాగితానికి ప్లాస్టిక్ పూత ఉంటుంది, కడగడానికి ఎక్కువ నీళ్ళు పట్టవు. వాడేసిన బ్లీచ్-ఫిక్సులో వెండి ఉంటుంది, దాన్ని మాత్రం మోరీలో పోయకండి.

పద్నాలుగో కాగితానికి జేజి చామనఛాయ, చేని ఎరుపు రెండూ దొరికాయి. జేజి ఇప్పుడు లేదు. ఆమె రంగేదో చెప్పాల్సింది చూసిన మనం, మిషను కాదు.

మీ బీరువాలో నెగటివులున్నాయా? వెలిసిపోకముందే బయటికి తీయండి.