పాత సినిమాశాల

మన చిన్నపట్టణములలో నేదేని యొకదానికి బోయి ప్రధానవీథి వెంట నడచినచో నొక దృశ్యము కంటబడక మానదు. ఎత్తైన యొక కట్టడము, దాని నొసట సున్నముతో దీర్చిన టాకీసు పేరు సగము చెఱిగియుండును, ఇనుపగేటునకు దాళము, టిక్కెట్ల కిటికీ ముందు, జనమును వరుసగా నిలుపుటకై కట్టిన యిఱుకుగోడల నడుమ ముండ్లతుప్పలు. మఱుసంవత్సరము పోయి చూచినచో నా తావున కల్యాణమండపమో దుకాణముల సముదాయమో లేచియుండును. 2020 మార్చిలో మహమ్మారి కారణమున దేశమందలి సినిమాశాలలన్నియు మూతపడెను. పిమ్మట బెద్దనగరములలోనివి దెఱచుకొనెను. చిన్నయూళ్లలోని యొంటితెర శాలలు కొన్ని మఱల దెఱచుకొననే లేదు.

యజమానులను నిందించుట మా యుద్దేశము గాదు. నష్టమునకు వ్యాపారము చేయుమని యెవరిని నిర్బంధింపగలము? ఇంటింట టెలివిజనును, అరచేతిలో ఫోనును వచ్చిన పిమ్మట ఐదాఱువందల యాసనముల శాలకు ముప్పదిమంది వచ్చినచో విద్యుచ్ఛక్తి ఖర్చయినను గిట్టదు. మేము చెప్పదలచినది వేఱు. కట్టడము కూలుట యొక నష్టము. దానితోబాటు దాని కాగితములును, దానిని నడపినవారి జ్ఞాపకములును బోవుట రెండవ నష్టము. మొదటిదాని నాపుట మనవశము గాకపోవచ్చును. రెండవది మన యుపేక్షవలననే కలుగుచున్నది.

1914వ సంవత్సరమున ఆంధ్రులు రెండు మంచిపనులు చేసిరి. మచిలీపట్టణమున జన్మించి చెన్నపట్టణమున ఛాయాచిత్రకారులుగా స్థిరపడిన రఘుపతి వెంకయ్యగారు, క్రోనోమెగాఫోను యంత్రముతో గుడారములు వేసికొని యూరూర బొమ్మలను జూపి, బర్మా సింహళములకు బోయి వచ్చి, ఆ యేట చెన్నపట్టణమున గెయిటీ యను సినిమాశాలను గట్టించిరి. ఆ యేడే బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘము స్థాపితమయ్యెను. రెండును జనసామాన్యము కొఱకు దెఱచిన తలుపులే. గ్రంథాలయోద్యమము పుస్తకములతో బుట్టినదగుటచే దన కథను దాను వ్రాసికొనెను; మహాసభల నివేదికలు, సభ్యుల పట్టికలు, పత్రికలు నేటికిని జదువవచ్చును. సినిమా తన కథను వ్రాసికొనలేదు. వెంకయ్యగారి సంస్థ నిర్మించిన మూకీచిత్రములలో నేడు మనకు జూడ నొక్కటియు మిగులలేదు. ఆయన పేర 1980వ దశకమున ప్రభుత్వము పురస్కారమును నెలకొల్పెను. ఆయన తీయించిన బొమ్మ మాత్రము లేదు!

1921ని జూడుడు. బెజవాడ యప్పటికి సుమారు 44 వేల జనముగల పట్టణము. మార్చి 31, ఏప్రిలు 1 తేదులలో అఖిలభారత కాంగ్రెసు సంఘ మచట సమావేశమై, కోటిమంది సభ్యులను, తిలక్ స్వరాజ్యనిధికి కోటి రూపాయలను, ఇరువదిలక్షల రాట్నములను సంకల్పించెను. పింగళి వెంకయ్యగారు మహాత్మునకు బతాకమును సమర్పించినది యా సందర్భముననే. అదే సంవత్సరమున అదే పట్టణమున పోతిన శ్రీనివాసరావుగారు మారుతీ సినిమాశాలను నిర్మించిరి. ఆంధ్రదేశమున మొట్టమొదటి శాశ్వత సినిమాశాల యని దానికి బ్రసిద్ధి. మొదటి సంఘటనమును మన బాలురు పాఠ్యపుస్తకములలో జదువుచున్నారు. రెండవదానిని వృద్ధులు చెప్పుకొనుటయే కాని చదువువారు లేరు.

కాగితము లేకపోవుటవలన గలుగు చిక్కునకు మన తొలి తెలుగు టాకీ ‘భక్తప్రహ్లాద’యే తార్కాణము. హెచ్. ఎం. రెడ్డిగారు తీసిన యా చిత్రము 1931 సెప్టెంబరు 15న విడుదలయ్యెనని దశాబ్దములపాటు నమ్మితిమి. ఆ దినమున నుత్సవములను జేసితిమి. పత్రికారచయిత రెంటాల జయదేవగారు పాత కాగితములను శోధించి, దానికి సెన్సారువారి యనుమతి 1932 జనవరి 22న లభించెననియు, బొంబాయిలోని కృష్ణా సినిమాలో ఫిబ్రవరి 6న బ్రదర్శిత మయ్యెననియు నిరూపించిరి. చిత్రమా, ఎన్నడో నశించెను. దాని పుట్టినదినమైనను నిలిచినది నాటి యొకటిరెండు కాగితముల పుణ్యమే.

ఈ యుపేక్షకు గారణ మేమి? నిష్పక్షపాతముగా జెప్పవలయునన్నచో మావంటివారి చులకనభావమే. 1927లో ప్రభుత్వము నియమించిన, రంగాచారిగారి యాధ్వర్యమందలి సినిమా విచారణసంఘము ప్రశ్నలను బంపగా, తామెన్నడును సినిమాకు బోలేదని మహాత్ముడు ప్రత్యుత్తర మిచ్చిరి. ఆయన వలె నియమము గలవారు కొందఱు. నియమము లేకయే యీసడించినవారు పెక్కుమంది. పగలు సినిమాను దిట్టి, రాత్రి రెండవయాటకు ముసుగు వేసికొనిపోయిన పెద్దమనుష్యులను మే మెఱుగుదుము. సినిమా నీతిదాయకమా కాదా యను చర్చకు వెచ్చించిన సిరాలో నూఱవపాలు, మన యూరిలో నా శాల నెవరు కట్టిరి, ఎట్లు నడపిరి యని వ్రాయుటకు వెచ్చించియుండిన నేడీ దురవస్థ లేకపోవును.

ఆ శాల యేమి? మూకీల కాలమున తెరప్రక్క నొక వ్యాఖ్యాత నిలుచుండి, ఆంగ్లమున వచ్చు వ్రాతలకు దెలుగుచెప్పుచు, హాస్యగాడు కనబడినప్పుడు తానును హాస్యమాడుచు, కథ నడుపువాడు. క్రింద హార్మోనియము, తబలా. టాకీలు వచ్చిన తోడనే వాని యుద్యోగము పోయెను; అట్టివారిలో నొక్కని మాటయైనను మనము వ్రాసికొనలేదు. పిమ్మట మైకు వచ్చెను. ఘంటసాలవారి ‘నమో వేంకటేశా’ రికార్డు శాలపైనుండి వినవచ్చినదనగా నూరివారికి గడియారముతో బనిలేదు. అది విని పొయ్యి యార్పెడివారు, దుకాణము కట్టివేసెడివారు, ప్రక్కయూళ్లనుండి బండ్లు కట్టుకొని వచ్చుచు నెద్దుల నదలించెడివారు. మధ్యాహ్నమే యొక బండి కిరుప్రక్కల వాల్‌పోస్టరు తడికలను గట్టి, డప్పు వాయించుచు, రంగుకాగితముల కరపత్రములను జల్లుచు దిరిగెడిది. దాని వెనుక మేమందఱము.

చిత్రము వెలుగుటకు బొగ్గుకడ్డీలు రెండు కావలెను. వాని కొనల నడుమ విద్యుత్తు మండుచున్నంతసేపే తెరపై బొమ్మ. కడ్డీ యరిగినకొలది యాపరేటరు దానిని ముందునకు ద్రోయుచుండవలెను. ఏమఱినచో బొమ్మ మసకబాఱును, నేలనుండి యీలలు లేచును. వేయి యడుగుల చుట్ట పదునొకండు నిమిషములలో నైపోవును. యంత్రము లిద్దఱు సవతుల వలె వంతులవారీగా బనిచేసిన శాల గొప్పది. ఒక్క యంత్రమే యున్నచోట చుట్ట మార్చునప్పుడెల్ల దీపములు వెలుగును. తెగిన ఫిల్ముముక్కలు మాకు నిధులు. నీరు నింపిన బల్బును, అద్దమును, ఎండను, అమ్మ యెఱుగకుండ దెచ్చిన తెల్లపంచెను సమకూర్చుకొని పెరటిగదిలో మేమే యాటలాడించితిమి. టిక్కెట్టు రెండు చింతపిక్కలు.

శాల నిర్మలమని మేము చెప్పము. నల్లులు, బీడీపొగ, ఉమ్మిన గోడలు, పండుగరోజులలో రెట్టింపువెలకు జాటుగా నమ్మెడి టిక్కెట్లు — ఇవన్నియు నుండెను. నేల, బెంచి, కుర్చీయని తరగతులును, నేలవారికి వేఱుద్వారమును నుండెను. ఆడువారికి బ్రత్యేకముగా గోడకట్టిన భాగము. ఐనను, ఆ గోడ వెనుకకైనను గుడియు బుట్టినిల్లును దప్ప వేఱొక చోటికి బోవ నెఱుగని స్త్రీలు వచ్చి కూర్చుండిరనుట స్వల్పవిషయమా?

కులముమాట యింకను ముఖ్యమైనది. 1938లో గూడవల్లి రామబ్రహ్మముగారు ‘మాలపిల్ల’ను దీసిరి. కథ గుడిపాటి వెంకటచలముగారిది. హరిజనుల దేవాలయప్రవేశమే ప్రధానవస్తువు. ఆ చిత్రమాడిన పట్టణములందు గుడితలుపు వారికింకను మూసియే యుండెను. టిక్కెట్టు కొన్నవానికి సినిమాశాల తలుపు తెఱచియుండెను. లోపల వారి ప్రక్క గూర్చుండుట కిష్టపడక లేచిపోయినవారు లేకపోలేదు, కాని దీపములార్పిన పిమ్మట నెవని ప్రక్క నెవడున్నాడో చూచువా రెవరు? 1950లో మన రాజ్యాంగము పదునైదవ యధికరణమున దుకాణములు, భోజనశాలలతోబాటు బహిరంగ వినోదస్థలములలో బ్రవేశమును గులమతాదుల కారణమున నెవరికిని నిరాకరింపరాదని శాసించెను. వినోదస్థలమను నా మాట యందు బడుట యాకస్మికము కాదని మా తలంపు.

రామబ్రహ్మముగారే 1939లో ‘రైతుబిడ్డ’ను దీయగా, జమీందారులకు గోపము వచ్చి, నాటి ప్రభుత్వము దానిని నిషేధించెను. విచిత్రమేమన, ఆ చిత్రమునకు బెట్టుబడి పెట్టిన చల్లపల్లి రాజావారును జమీందారులే. 1918 నాటి సినిమాచట్టము క్రింద బ్రదర్శనశాల యనుమతి ప్రభుత్వోద్యోగుల చేతిలోనుండుటచే, నిషేధము వచ్చినచో జిన్నయూరి యజమాని నోరెత్తుటకు వీలులేదు. అట్టి శాలల లెక్కపుస్తకములు నేడున్నచో, ఏ యూర నెన్ని యాటలైన పిమ్మట నా చిత్రము నిలిచిపోయెనో, ఎంతమంది చూచిరో దినమువారీగా దెలిసియుండెడిది. స్వాతంత్ర్యసమరచరిత్ర వ్రాయువారికి జైలురిజిస్టరు పనికివచ్చినట్లే యదియు బనికివచ్చును.

1964లో పూనాలో జాతీయ చలనచిత్రభాండాగారము వెలసెను. అప్పటికే పాత చుట్టలు పెక్కు దగ్ధమయ్యెను, లేదా వెండికొఱకు గరగింపబడెను. పూనావారు కాపాడదగినది ఫిల్మును. మన పట్టణపు శాల చరిత్రమును వారెట్లు కాపాడుదురు? గత పదునైదేండ్లలో ఫిల్ముపెట్టెలు రైలుదిగుట మానెను, బొమ్మ యుపగ్రహముద్వారమునను డిస్కులలోను వచ్చుచున్నది. బొగ్గుకడ్డీ పట్టిన యాపరేటరులు వృద్ధులైరి. కొందఱు కాలధర్మము నొందిరి.

కావున మేము కోరునది పెద్ద వ్యయముతో గూడినది గాదు. పాతశాలను గూల్చుట కనుమతినిచ్చునపుడు, లోపల వెలుపల ఛాయాచిత్రములను దీయించి యొక ప్రతిని బట్టణ గ్రంథాలయమున కీయవలెనని పురపాలకసంఘమువారు షరతు విధింపవలెను. 1955 నాటి సినిమాల క్రమబద్ధీకరణశాసనము ననుసరించి ప్రతి శాలకు లైసెన్సు, ఆమోదించిన నకాసా ప్రభుత్వకార్యాలయములలో నుండవలెను. శాల మూతపడినదని యా ఫైళ్లను జిత్తుకాగితముల క్రింద నమ్మివేయక, గ్రంథాలయసంస్థకు బంపవలెను. యజమానుల కొక మనవి: రోజువారీ వసూళ్ల పట్టికలైన డి.సి.ఆర్. పుస్తకములను దుక్కుకొట్టునకు వేయకుడు. ఆదాయపు లెక్కలు బయటపడునను భయమున్నచో, ముప్పదియేండ్లకు మీఱిన వానినే యిండు.

ఇక ఆపరేటరులు, గేటుకీపరులు, గోడలపై నక్షరములు వ్రాసిన చిత్రకారులు, విరామమున సోడాలమ్మినవారు — వీరిని గూర్చుండబెట్టి చెప్పించుకొని వ్రాయుట కాలేజీవిద్యార్థులకు దగిన సెలవుపని. వ్యాసములల్లవద్దు, వారు చెప్పిన మాట చెప్పినట్లే వ్రాసిన జాలును. ఏ సంవత్సరమున నే చిత్రమును గూర్చి చెప్పుచున్నారో యడిగి వేయుట మఱవరాదు.

మా యూరి పఠనమందిర కార్యదర్శిగా రిందులకై యొక బీరువాను ఖాళీ చేయించిరి. పాటలపుస్తకములు, కరపత్రములు, టిక్కెట్టు ముక్కలు, శాల ప్రారంభోత్సవపు ఛాయాచిత్రములు గలవారు సాయంకాల మైదుగంటల తరువాత దెచ్చియిచ్చి రసీదు పొందవచ్చును. ఇచ్చుట కిష్టము లేనివారు చూపినచో నకలు తీసికొని యప్పుడే తిరిగి యిచ్చివేయుదుము. గతవారము వచ్చినవి మూడు: రెండు పాటలపుస్తకములు, తుప్పుపట్టిన యొక ఖాళీ ఫిల్ముపెట్టె.