గోడ మీద సర్టిఫికెట్, కౌంటర్లో ఎవరో

ఫార్మసీ కాలేజీల వార్తలు ఎప్పుడైనా గమనించారా? జీప్యాట్ ర్యాంకులు, పీహెచ్‌డీలు, హైదరాబాద్ కంపెనీల్లో ప్లేస్‌మెంట్లు. మంచిదే, పిల్లలు కష్టపడి తెచ్చుకున్నవే. మన ఐటీ వాళ్ళ క్లినికల్ డేటా, ఫార్మకోవిజిలెన్స్ ప్రాజెక్టుల్లోనూ బీఫార్మసీ వాళ్ళు కనిపిస్తూనే ఉంటారు.

మరి ఊళ్ళ సంగతో? కాకతీయ యూనివర్సిటీ ఫార్మసీ కాలేజీ ఉన్న వరంగల్ చుట్టుపక్కలే చూడండి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016లో జిల్లా కేంద్రాలయ్యాయి. ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మహబూబాబాద్‌లో 2022లో, మిగతా రెండు చోట్లా 2023లో మొదలయ్యాయి. డాక్టర్లు పెరిగితే మందుల చీటీలూ పెరుగుతాయి. ఆ చీటీ చదివి మందిచ్చేదెవరు?

1948 నాటి ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ ప్రకారం అది రిజిస్టర్డ్ ఫార్మసిస్టు పని. కానీ సర్టిఫికెట్ అద్దెకిచ్చి మనిషి ఇంకెక్కడో ఉద్యోగం చేసుకోవడం కొత్త సంగతేం కాదు. మన దగ్గర ఒకరి లాగిన్‌తో ఇంకొకరు ప్రొడక్షన్‌లో చెయ్యి పెడితే ఎంత గొడవ అవుతుంది? ఇక్కడ పాడయ్యేది సర్వర్ కాదు, మనిషి కిడ్నీ.

రోగితో కూర్చుని మాట్లాడే ఫార్మసిస్టుల కోసమే 2008లో ఆరేళ్ళ ఫార్మ్-డీ పెట్టారు. షాపులో జీతం చాలకపోతే పిల్లలు సిటీకే వస్తారు, వాళ్ళని అని లాభం లేదు. జీతం పెరగాలి, తనిఖీ ఉండాలి. దాంతోపాటు గౌరవం కూడా. "యాంటీబయోటిక్ మధ్యలో ఆపకమ్మా" అని చెప్పే పాత విద్యార్థి ఫోటో కూడా ర్యాంకర్ల పక్కన పెట్టొచ్చు కదా!

ఏమంటారు?