శస్త్రం ఎవరి చేతికి?

నీట్ పీజీ కౌన్సెలింగ్ మొదలైన ప్రతిసారీ ప్రతిభ గురించిన పాత వాదన కొత్తగా వినిపిస్తుంది. ఏ ర్యాంకుకు ఏ సీటు, ఎవరి సీటు ఎవరికి పోయింది అన్న లెక్కలతోనే చర్చ ముగుస్తుంది. సీటు వచ్చిన తర్వాత దళిత, ఆదివాసీ, బీసీ విద్యార్థికి ఏం జరుగుతుందో అడిగేవారు తక్కువ. ఆ ప్రశ్న వేయడానికి కంటి శస్త్రవైద్యాన్ని మించిన ఉదాహరణ లేదు.

ఐదున్నరేళ్ల ఎంబీబీఎస్, మూడేళ్ల ఎంఎస్ పూర్తయితే నేత్రవైద్యుడన్న పట్టా చేతికి వస్తుంది. ఆ పట్టా ఒక్కటే శస్త్రవైద్యుణ్ని తయారు చేయదు. శుక్లాల ఆపరేషన్‌లో మైక్రోస్కోపు కింద, మిల్లీమీటర్ల కోతలో, వెంట్రుక కన్నా పలుచనైన పొర చిరగకుండా మసకబారిన కటకాన్ని తొలగించి కృత్రిమ కటకాన్ని అమర్చాలి. ఇది పుస్తకం చదివితే రాదు, పక్కన నిలబడి చూస్తే రాదు. అనుభవజ్ఞుడి పర్యవేక్షణలో పదేపదే చేస్తేనే చేయి తిరుగుతుంది. ఆ అవకాశం ఎవరికి, ఎన్నిసార్లు, ఎప్పుడు ఇవ్వాలన్నది చాలావరకు యూనిట్ పెద్దల విచక్షణ. రిజర్వేషన్ చట్టం చేరుకోని చోటు ఇదే.

సీటు దాకా రావడానికే సుదీర్ఘ పోరాటం అవసరమైంది. అఖిల భారత కోటాలో ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్లు 2007లో గానీ అమలుకు రాలేదు. బీసీలకు 27 శాతం 2021లో దక్కింది. దాన్ని సమర్థిస్తూ 2022 జనవరిలో సుప్రీంకోర్టు, ప్రతిభను ఒక పోటీపరీక్ష మార్కులకు కుదించలేమని స్పష్టం చేసింది. ఇంత జరిగినా మన రెండు రాష్ట్రాల ప్రైవేటు కళాశాలల్లో కన్వీనర్ కోటా దాటిన సీట్లను నిర్ణయించేది కుటుంబాల ఆర్థిక స్తోమతే. అక్కడ ప్రతిభ గురించి ఎవరూ గొంతెత్తరు.

సీటు తర్వాతి వివక్షకు ఆధారాలు లేవనలేం. ఢిల్లీ ఎయిమ్స్‌పై సుఖదేవ్ థోరట్ కమిటీ 2007లో ఇచ్చిన నివేదిక, హాస్టళ్లలోనే కాక బోధనలో, ప్రాక్టికల్, మౌఖిక పరీక్షల్లో సైతం ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు ఎదుర్కొన్న వివక్షను నమోదు చేసింది. 2019లో ముంబైలో మరణించిన ఆదివాసీ వైద్యురాలు పాయల్ తడ్వీ గైనకాలజీలో పీజీ చేస్తుండేవారు. సీనియర్ల కులదూషణతో పాటు, ఆపరేషన్ థియేటర్‌లో పని నేర్చుకోనివ్వలేదన్నది కూడా ఆమె కుటుంబం చేసిన ఆరోపణ. శస్త్రవైద్యంలో పని నేర్పకపోవడమంటే భవిష్యత్తును మూసివేయడమే.

ఎంఎస్ ముగిశాక ఫేకో, రెటీనా, కార్నియా వంటి నైపుణ్యాలకు ఫెలోషిప్ కావాలి. అవి ఎక్కువగా ట్రస్టు, కార్పొరేట్ ఆసుపత్రుల్లోనే ఉన్నాయి. అక్కడ రోస్టర్ ఉండదు, పరిచయాలు, సిఫారసు లేఖలు ఉంటాయి. ఆపై సొంత ఆసుపత్రి పెట్టాలంటే మైక్రోస్కోపు, ఫేకో యంత్రం వంటి పరికరాలకే లక్షలు కావాలి. తండ్రి ఆసుపత్రికి వారసుడైనవాడికీ, ఇంట్లో తొలి పట్టభద్రుడైనవాడికీ పోటీ సమానమని చెప్పడం వంచన.

ఇక్కడొక చారిత్రక వైపరీత్యం ఉంది. మనుస్మృతి వైద్యుడి అన్నం తినరానిదని శాసించింది. తెలుగు పల్లెల్లో పుండ్లు కోసి కట్టుకట్టింది మంగలి, పురుడు పోసింది ఆ ఇంటి స్త్రీ. నెత్తురు ముట్టే పని మైలగా ఉన్నంతకాలం అది కింది కులాల బాధ్యత. అదే పనికి పట్టా, ధనం, గౌరవం దక్కాక పై కులాల 'ప్రతిభ' అయింది.

యువ సర్జన్లు చేయి తిప్పుకునేది ఎవరి కళ్ల మీద? 2015-19 జాతీయ అంధత్వ సర్వే ప్రకారం యాభై ఏళ్లు దాటినవారిలో అంధత్వానికి 66.2 శాతం కారణం శుక్లాలే. ప్రభుత్వాసుపత్రి వార్డులకూ, ఉచిత శిబిరాలకూ వచ్చేది ప్రధానంగా కూలీలు, చేతివృత్తులవారు, పేద రైతులు. విద్యకు తమ కళ్లను అప్పగించిన ఆ జనం పిల్లలకే ఆ విద్య అందకపోవడం కన్నా అన్యాయం ఏముంటుంది?

చేయవలసినవి అసాధ్యమైనవేమీ కావు. పీజీ విద్యార్థులు లాగ్‌బుక్ రాయాలన్న నియమం ఇప్పటికే ఉంది. ఎవరు స్వయంగా ఎన్ని ఆపరేషన్లు చేశారో సామాజిక వర్గాల వారీగా కళాశాలలు ఏటా ప్రకటించాలి. కేసుల కేటాయింపు వరుసక్రమంలో జరగాలి, ప్రతి విద్యార్థికీ కనీస సంఖ్య హామీగా ఉండాలి. శుక్లాల ఆపరేషన్లకు ప్రభుత్వ నిధులు పొందుతున్న స్వచ్ఛంద ఆసుపత్రులు తమ ఫెలోషిప్‌లలో రిజర్వేషన్ పాటించాలి. ఎస్సీ, ఎస్టీ, బీసీ ఆర్థిక సహకార సంస్థలు పరికరాలకు రుణాలివ్వాలి.

విద్యార్థి సంఘాలు ఇంతకాలం సీట్ల కోసం పోరాడాయి. ఆ పోరాటం ఇక ఆపరేషన్ థియేటర్ తలుపు దాకా సాగాలి. రిజర్వేషన్‌పై వచ్చిన విద్యార్థికి చేయి తిరగనివ్వకుండా, తర్వాత అతనికి నైపుణ్యం లేదని ఎత్తిపొడవడం కులం ఆడుతున్న పాత ఆటే. ఆ ఆటను ఆపాలంటే ముందుగా లెక్కలు బయటికి రావాలి.