గోదారి పొంగినా గోలీ ఆగొద్దు

2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. ఆ వారం మాలో కొందరి డబ్బాల్లో నాలుగైదు గోలీలే ఉన్నాయి. నీళ్లు తీశాక, ఇంట్లో బురద ఎత్తిపోసుకున్నాక మందుల కోసం పోతే ఒక సెంటర్‌లో మాకు ఎదురైన మొదటి మాట: "గోలీలు సక్కగ ఏసుకుంటలేవా?"

ఆ మాటకు జవాబే ఈ ప్రణాళిక.

మేము హెచ్‌ఐవీతో బతుకుతున్నవాళ్లం. చర్ల, దుమ్ముగూడెం, ఇల్లెందు వైపు వాళ్లం. 2014లో ఆంధ్రలో కలిపిన కూనవరం, చింతూరు వాళ్లం. డబ్బా గలగలమనకుండా లోపల దూది కుక్కి బస్సెక్కేవాళ్లం. (ఆ చప్పుడు పక్క సీటుకు ఎంత పెద్దగా వినిపిస్తుందో మోసినవాళ్లకే ఎరుక.)

గోలీ ఎందుకు ఆగకూడదంటే, వైరస్ తన నకళ్లు తీసుకునేటప్పుడు తప్పులు దొర్లుతూనే ఉంటాయి. రక్తంలో మందు నిండుగా ఉంటే ఆ నకళ్లకు సందు దొరకదు. మందు పలచబడిందా, దానికి లొంగని రకం చేలో కలుపులా ఎగబాకుతుంది. పాత ఎఫావిరెంజ్‌తో ఇంకో చిక్కుండేది. మూడు మందులూ ఒకే రోజు ఆగినా అదొక్కటే రోజుల తరబడి రక్తంలో మిగిలేది. ఒంటరి మందును ఓడించడం వైరస్‌కు సులువు. కే103ఎన్ అనే మార్పు అలా పుట్టేదే. వరదకు పది రోజులు ఆగిన గోలీ అంటే అదీ.

ఇప్పటి డోలుటెగ్రావిర్ గట్టి మందు. అయినా, వైరల్ లోడ్ ఎక్కువగా ఉండగానే ఈ మందుకు మారినవాళ్లలో నిరోధం (మందుకు లొంగకపోవడం) 19.6 శాతం దాకా కనిపించిందని 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. రక్తం తక్కువని ఇచ్చే ఐరన్ గోలీని పరగడుపున దీంతో కలిపి మింగితే దీని బలం తగ్గుతుంది. టీబీకి రిఫాంపిసిన్ వాడుతుంటే 50 మిల్లీగ్రాముల గోలీ రోజుకు రెండుసార్లు పడాలి. ఈ రెండు ముక్కలూ కోయ భాషలో చెప్పేవాళ్లు ప్రతి సెంటర్‌లో ఉండాలి.

లోడు 1000 దాటితే కౌన్సెలింగ్ చేసి మళ్లీ పరీక్షించడం పద్ధతి. రెండోసారీ దాటితే నెలలోపు మందుల లైన్ మార్చే నిర్ణయం కావాలి. రిపోర్టు ఫైల్లో పడుకుంటే నిరోధం పడుకోదు. ఏ మందుకు లొంగడం లేదో తేల్చే జీనోటైప్ పరీక్ష పెద్ద ఊళ్లవాళ్లకే కాదు, మాకూ కావాలి. జూన్‌లోనే మూడు నెలల మందులు చేతికివ్వాలి. చింతూరు మనిషికి భద్రాచలంలో, మిర్చి ఏరడానికి పోయినవాళ్లకు పోయినచోట గోలీ దొరకాలి. సరిహద్దు పటం మీద గీసినవాళ్లు మా ఒంట్లో గీయలేదు. 2018 సెప్టెంబర్ 10 నుంచి హెచ్‌ఐవీ చట్టం అమల్లో ఉంది. చికిత్స అందించే బాధ్యత ప్రభుత్వానిదని అందులోనే ఉంది. సెంటర్ పుస్తకంలో మమ్మల్ని 'డిఫాల్టర్' అని రాయడం మానాలి. మందు ఎందుకు ఆగిందో రాయాలి.

మా తప్పూ ఒకటుంది. పక్కవాళ్లకు అయిపోతే జాలిపడి మన డబ్బాలోంచి సగం ఇచ్చేస్తాం. ఇద్దరికీ నష్టమే. ఇకనుంచి గోలీలు పంచుకోం. డబ్బా నిండుకోక ముందే ఎవరో ఒకరం పోయి తెస్తాం.

సంఘానికి పేరింకా పెట్టలేదు. బోర్డు కడితే అద్దె గది ఇవ్వరని ఒక అక్క అంది. వచ్చే ఆదివారం కరకట్ట మీద కూర్చుని తేల్చుకుంటాం.