పాటకు పరీక్ష పెట్టేవాళ్లకు



మన పిల్లలు బ్యాండ్లు కడుతున్నారు. ఒకప్పుడు దళం అన్నాం, తర్వాత కళాబృందం అన్నాం, ఇప్పుడు బ్యాండ్ అంటున్నారు. పేరేదైతేనేం, డప్పు పక్కన గిటార్ చేరింది, కీబోర్డు పక్కన గజ్జె మోగుతోంది. ఏప్రిల్ 14 దగ్గర పడేకొద్దీ నాకు వచ్చే ఫోన్లలో చాలావరకు ఇవే. "అక్కా, కొత్తవాళ్లను తీసుకుంటున్నాం, ఆడిషన్ పెడుతున్నాం. వాళ్ల దగ్గర ఏం చూడాలి?"

నేను గాయనిని కాను. తెలుగు పాఠం చెప్పుకునే మనిషిని. అయితే పరీక్షలు పెట్టడం, వాటిలో ఎవరు పోతున్నారో, ఎందుకు పోతున్నారో చూడటం నా రోజువారీ పని. ఆ అనుభవంతోనే ఈ భాగం రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వచ్చిన మనిషి ఇప్పటిదాకా ఎక్కడ, ఎవరి దగ్గర నేర్చుకుందో కొలవకండి. ఏం కావాలో ముందే చెప్పి, పదిరోజులు గడువిచ్చి, ఆ పదిరోజుల్లో ఏం చేసుకొచ్చిందో కొలవండి. కొలిచేటప్పుడు మాత్రం మొహమాటపడకండి.

ఎందుకంటున్నానో చెబుతాను. మా కాలేజీలో చదివిన ఒక అబ్బాయి డప్పు వాయిస్తాడు. చావు దెబ్బ వేరు, జాతర దెబ్బ వేరు, దండోరా దెబ్బ వేరు, పెళ్లి ఊరేగింపు వేరు. దెబ్బ మారితే వినేవాడి నడక మారాలన్నంత తేడాగా వాయిస్తాడు. ఒక సాంస్కృతిక సంస్థ కళాకారులు కావాలంటే వెళ్లాడు. ఆడిషన్ ఏసీ హాల్లో. డప్పు మంట చూపందే పలకదని తెలిసినవాళ్లు ఆ బల్ల వెనక ఒక్కరూ లేరు. తోలు కాగబెట్టుకోవడానికి బయట చోటు అడిగితే "ఫైర్ పర్మిషన్ లేదు" అన్నారు. చల్లబడిన తోలు మీద వాయిస్తే "సౌండ్ డల్‌గా ఉంది" అన్నారు. ఆ తర్వాత "సరళీ స్వరాలు వచ్చా?" అని అడిగారు. రావు అన్నాడు. మూడు నిమిషాల్లో పని అయిపోయింది.

అక్కడ ఎవరూ అతన్ని కులం అడగలేదు. అడగాల్సిన అవసరం రాలేదు. హాలు అడిగింది, సరళీ స్వరాలు అడిగాయి. సంగీతం మాస్టారికి నెలనెలా ఫీజు కట్టగలిగిన ఇల్లు ఏది, కట్టినా ఆ మాస్టారు గుమ్మం లోపలికి రానిచ్చే ఇల్లు ఏది అన్న లెక్కంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది.

దీనికి మందుగా కొందరు తెర కట్టమంటారు. ముఖం కనిపించకుండా తెర వెనక వాయించమని, వినబడిన దాన్నిబట్టే ఎంచమని. మంచి ఆలోచనే. అది వచ్చిన దారి కూడా మనం తెలుసుకోవాలి. 1969లో న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా మీద ఇద్దరు నల్లజాతి వాద్యకారులు, ఆర్ట్ డేవిస్, ఎర్ల్ మాడిసన్, ఆ నగర మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేశారు. తెర వెనక వాయిస్తాం, అప్పుడు తేల్చండి అన్నారు. శాశ్వత ఉద్యోగాల విషయంలో వాళ్ల వాదన నిలబడలేదు. కానీ తాత్కాలికంగా పిలిచే వాద్యకారుల విషయంలో వివక్ష ఉందని కమిషన్ 1970లో తేల్చింది. ఎందుకంటే ఆ పిలుపులు తెలిసినవాళ్లు తెలిసినవాళ్లకు చేసుకునేవి. తర్వాతి కాలంలో అమెరికా ఆర్కెస్ట్రాల్లో తెర మామూలైంది. దానితో ఆడవాళ్ల సంఖ్య బాగా పెరిగింది. నల్లవాళ్ల సంఖ్య మాత్రం అలా పెరగలేదు. 2020 నాటికి కూడా అదే న్యూయార్క్ ఆర్కెస్ట్రా వంద మందికి పైగా శాశ్వత సభ్యుల్లో నల్లజాతి మనిషి ఒక్కరే.

తెర ముఖాన్ని దాచింది. కానీ చిన్నప్పటి నుంచి పెట్టించిన ట్యూషన్‌ని, ఇంట్లో ఉన్న ఖరీదైన వాయిద్యాన్ని, రోజుకు నాలుగు గంటలు సాధన చేసుకునే గదిని తెర ఎలా దాచగలదు? అవన్నీ చేతి వేళ్లలోనే వినిపిస్తాయి.

మన దగ్గరికే రండి. టి.ఎం. కృష్ణ 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' అని మృదంగం చేసేవాళ్ల మీద పుస్తకం రాశాడు. ఆ చేసేవాళ్లలో ఎక్కువమంది దళిత క్రైస్తవులు. పాలఘాట్ మణి అయ్యర్ మృదంగం అంతగా పలికిందంటే దాని వెనక పర్లాందు అనే తంజావూరు పనివాడి చెవి ఉంది. ఏ తోలు ఏ నాదం ఇస్తుందో, ఎక్కడ ఎంత బిగించాలో ఆ చెవి తేల్చాలి. అంత సూక్ష్మమైన చెవి ఉన్న మనిషికి సభలో కుర్చీ లేదు. అదే మనిషి ఇవాళ మీ ఆడిషన్‌కు వస్తే, మీ ప్రశ్నల్లో ఏ ఒక్కటైనా ఆ చెవిని పట్టుకోగలదా? మీ ప్రశ్నల కాగితం ముందు పెట్టుకుని ఇది ఆలోచించండి.

సరే, మరి ఏం ఆశించాలి?

ఆడిషన్‌కు పదిరోజుల ముందు రెండు పాటలు ఫోన్‌లో రికార్డు చేసి అందరికీ పంపండి. సాహిత్యం టైప్ చేసి పంపండి. ఏ శ్రుతిలో పాడతారో, వారంలో ఎన్ని రోజులు రిహార్సలో, ఎక్కడో, ఎన్ని గంటలకు వదులుతారో, బస్సు చార్జీ ఎవరిదో, వాయిద్యం మీరిస్తారా వాళ్లే తెచ్చుకోవాలా, అంతా రాయండి. ఇవి చెప్పకుండా పిలిచి, వచ్చినవాళ్లు తడబడితే అది వాళ్ల పరీక్ష అవ్వదు.

చెప్పాక మాత్రం గట్టిగా అడగండి. మాటలు కంఠతా రావాలి. కాగితం చూసి పాడేవాళ్లు పదిరోజులూ పాటను పక్కన పడేశారని అర్థం. చెప్పిన టైముకు రావాలి. డప్పు వాయించేవాళ్లు అరగంట ముందొచ్చి కాగబెట్టుకోవాలి, మీరు చోటు, చితుకులు సిద్ధంగా ఉంచాలి. సిర్ర, సిటికెన పుల్ల ఎవరివి వాళ్లు తెచ్చుకోవాలి. గిటార్ వాళ్లు తీగలు శ్రుతి చేసుకునే కూర్చోవాలి. ఇందులో ఏదీ డబ్బుతో, పుట్టుకతో వచ్చేది కాదు.

తర్వాత అక్కడికక్కడే ఒక కొత్త చరణం నేర్పండి. పావుగంట ఇవ్వండి. ఎంత బాగా పాడారని చూడకండి. మొదటిసారికీ మూడోసారికీ మధ్య ఏం మారిందో చూడండి. ఒక తప్పు చెప్పి దిద్దుకోమనండి. దిద్దుకుంటున్నారా, అలుగుతున్నారా, "మా మాస్టారు ఇలాగే చెప్పారు" అంటున్నారా? ఏడాదంతా మీరు కలిసి బతకబోయేది ఆ స్వభావంతో. గొంతు ఆరు నెలల్లో సానపడుతుంది, అలక మాత్రం ఆరేళ్లయినా ఉంటుంది.

ఆడపిల్లల విషయం విడిగా చెప్పాలి. మన బృందాల్లో చాలా పాటలు లీడ్ పాడే అబ్బాయి గొంతుకు కట్టినవి. ఒకటో, ఒకటిన్నరో శ్రుతిలో ఉంటాయి. అయిదు, అయిదున్నరలో హాయిగా పాడే అమ్మాయిని అదే శ్రుతిలో పాడమంటారు. కిందికి పోతే వినబడదు, పైస్థాయికి పోతే అరుపవుతుంది. "వాయిస్‌లో పవర్ లేదు" అని రాసేస్తారు. కీబోర్డు మీద ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కితే పోయేదానికి ఒక మనిషిని పోగొట్టుకుంటారు. ఆడిషన్‌లో ఎవరి శ్రుతి వాళ్లను ఎంచుకోనివ్వండి. అలాగే "కమిట్‌మెంట్" అనే మాటను రాత్రి పదింటి దాకా రిహార్సల్‌లో ఉండటం అనే అర్థంలో వాడకండి. హాస్టల్ గేటు ఎన్నింటికి పడుతుందో మీకు తెలుసు. గేటు పడ్డాక మొదలయ్యే రిహార్సల్‌కు రాలేని అమ్మాయికి ఉద్యమం మీద ప్రేమ లేదనడం అన్యాయం.

ఇంకోటి. ఆడిషన్ పెట్టేవాళ్లు అందరినీ లీడ్ పాడించి ఎంచుతారు. బుర్రకథను చూడండి. మధ్యలో కథకుడు, ఒక పక్క రాజకీయం చెప్పేవాడు, ఇంకో పక్క హాస్యగాడు. షేక్ నాజర్ గొప్ప కథకుడే, కానీ ఆ రెండు పక్కలా వంత అందుకునేవాళ్లు లేకపోతే కథ నడవదు. ముగ్గురు కథకులను ఎంచుకుంటే బుర్రకథ అవుతుందా? వంత పాడేవాళ్లకు కావలసింది వినే చెవి. కాబట్టి వచ్చినవాళ్లందరి చేతా ఒకసారి కోరస్ పాడించండి. లయ కాస్త పెంచండి, ముందు చెప్పకండి. ఎవరు పక్కవాళ్లను విని సర్దుకుంటున్నారో, ఎవరు తన ధోరణిలో తాను పోతున్నారో రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఇప్పుడు కాస్త కటువుగా చెప్పాల్సిన మాట. "మనోడే కదా, తీసుకుందాం" అని ఎంచే పద్ధతి కూడా ఆపాలి. సవర్ణ మెరిట్‌ను తిడతాం, అది న్యాయమే. కానీ దానికి బదులుగా సాధన లేని పాటను పేట జనం ముందు పెట్టడం ఏం న్యాయం? జయంతి రోజు మన తల్లులు పొద్దంతా కూలి చేసొచ్చి, అర్ధరాత్రి దాకా నేల మీద కూర్చుని పాట వింటారు. చరణం మర్చిపోయి "జై భీమ్" అని అరిచి కప్పిపుచ్చుకుంటే వాళ్లు చప్పట్లు కొడతారు, ఎందుకంటే వాళ్లు మనల్ని ప్రేమిస్తారు. ఆ ప్రేమను అలా వాడుకోకూడదు. జాషువా ఛందస్సులో ఎవరికీ తీసిపోనంత సాధన చేశాకే 'గబ్బిలం' రాశాడు. మన పెద్దలు మనకిచ్చిన ప్రమాణం అది.

మరి దళితేతరులు వస్తే? రానివ్వండి. చెన్నైలో 2018 జనవరిలో తొలి కచేరీ చేసిన 'క్యాస్ట్‌లెస్ కలెక్టివ్' పేరే అయోతీ దాస్ పండితర్ వాడిన 'జాతి లేని తమిళులు' అనే మాట నుంచి వచ్చింది. 19 మంది. ర్యాప్, రాక్, చావు ఇళ్ల దగ్గర పాడే గానా, అన్నీ ఒకే వేదిక మీద. ఆ 19 మందిలో ఒకే ఒక్క అమ్మాయి ఇసైవాణి. మగవాళ్లదే అనుకున్న గానాను ఆమె పాడింది. అలా రకరకాల చోట్ల నేర్చుకున్నవాళ్లు కలవడం మంచిదే. కానీ వచ్చినవాళ్లను ఒక్కటి అడగండి: డప్పు వాయించే తమ్ముడు లీడ్ చేస్తే నువ్వు వెనక నిలబడి వాయిస్తావా? మీ ఊళ్లో, మీ వీధిలో, మీవాళ్లు చూస్తుండగా ఈ డప్పు భుజాన వేసుకుని నడుస్తావా?

ఈ రెండో ప్రశ్న దళితేతరులకే కాదు, మనలో మనకు కూడా. డప్పు మోసేది మాదిగ పిల్లాడు, మైకు పట్టేది ఇంకొకరు అయితే, బ్యానర్ మీద అంబేడ్కర్ బొమ్మ ఎంత పెద్దగా ఉన్నా లోపల నడిచేది పాత ఊరే. బృందంలో చేరే ప్రతి ఒక్కరూ ఆరు నెలల్లో కనీసం ఒక దెబ్బ నేర్చుకోవాలని షరతు పెట్టండి. డప్పు వాయించేవాళ్లకు మైకులో మాట్లాడటం నేర్పండి.

ఇన్ని అడిగే బ్యాండ్ తన వంతు కూడా చెయ్యాలి. టౌన్ నుంచి తెచ్చిన కీబోర్డు మనిషికి కవర్‌లో డబ్బులు, డప్పు వాళ్లకు బిర్యానీ పొట్లం. ఇది ఎన్ని సభల్లో చూశాను! "ఉద్యమం కోసం ఫ్రీగా రా" అంటే అందరికీ ఫ్రీ కావాలి, ఇస్తే అందరికీ సమానంగా ఇవ్వాలి. ఎంతిస్తారో ఆడిషన్ రోజే చెప్పండి.

తీసుకోనివాళ్లకు కూడా జవాబు ఇవ్వండి. "చూసి చెబుతాం" అని వదిలేసే పద్ధతి మనకు తెలుసు. ఇంటర్వ్యూ బల్లల ముందు, అద్దె ఇళ్ల గుమ్మాల ముందు ఆ మాట విని వెనక్కి తిరిగిన మనుషులం. మనం పెట్టిన పరీక్షలో మనవాళ్లకు అదే మాట వినిపించకూడదు. లయ నిలవడం లేదు, మూడు నెలలు ఈ ఫలానా అక్క దగ్గర కోరస్‌లో కూర్చో, మళ్లీ విందాం అని చెప్పండి. రెండు వాక్యాలు చాలు. ఆ అబ్బాయి మళ్లీ వస్తాడు.

ఈ వారం ఆడిషన్ పెట్టుకున్నవాళ్లు ఒక పని చెయ్యండి. మీ పోస్టర్‌లో "టాలెంట్ ఉన్నవారికి ఆహ్వానం" అన్న లైను ఉంటే తీసెయ్యండి. ఆ చోట పాటల పేర్లు, రిహార్సల్ టైము, ఇచ్చే డబ్బు, డప్పు కాగబెట్టుకునే చోటు రాసి మళ్లీ పెట్టండి. తేదీ పదిరోజులు వెనక్కి జరిపినా నష్టం లేదు.

వచ్చే భాగంలో రిహార్సల్ గురించి, పాట ఎవరు కట్టారో ఆ పేరు వేదిక మీద చెప్పడం గురించి మాట్లాడుకుందాం.

జై భీమ్.